చెయ్యెత్తినందుకు

ఈ ఉదయం మరిపెడలో నేను ఆటలు నేర్పే బడి మైదానంలో కబడ్డీ గీతల మీద సున్నం పోస్తుంటే, తడి మట్టితో కలిసిన ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలింది. సోమయ్య సార్ చేతులకు ఎప్పుడూ ఉండే వాసన అది. ఆయన పోయి నెల కాలేదు.

జనగామలో నేను డిగ్రీ చదివిన కాలేజీకి ఆయన వ్యాయామ అధ్యాపకుడు, కాంట్రాక్టు మీద. సాధన ఆటలకు అంపైరు ఉండేవాడు కాదు. కూతకు వచ్చినవాడు తాకితే, తాకించుకున్నవాడే చెయ్యెత్తి బయటికి పోవాలి. అది సార్ పెట్టిన పద్ధతి. ఒకసారి నా మోచేతికి వేలు తగిలింది. ఎవరూ చూడలేదనుకుని కదలకుండా నిలబడ్డాను.

"ఏం రా రమేషూ, చెయ్యి లేస్తలేదా? దవాఖానకు తోల్కపోవాల్నా?" అన్నాడు సార్ గట్టు మీద నుంచి. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎప్పుడూ రెండోసారి అడిగించుకోలేదు.

చివరి ఏడాది మహబూబాబాద్‌లో జరిగిన ఎంపికల్లో విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికయ్యాను. ఆటగాళ్లు ఫోన్లలో పందేలు కాస్తున్నారని ఫిర్యాదు వస్తే, విశ్వవిద్యాలయ క్రీడా మండలి అధికారి ఒకాయన మా కాలేజీకి వచ్చి మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. "నిజం చెప్పినోళ్లకు ఏం గాదు. మందలించి ఇడిసిపెడ్తం" అన్నాడు. మాలో ఏడుగురం కాసినవాళ్లమే. నేను కాసింది ఒక్కసారి, అదీ క్రికెట్ మీద. పక్కనే సార్ ఉన్నాడు. చెయ్యెత్తాను. నాది ఒక్కటే లేచింది.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. చదువు ముగిసేదాకా విశ్వవిద్యాలయం తరఫున ఏ పోటీలోనూ ఆడకూడదు. నా స్థానంలో, ఆ వరసలో నోరు మెదపని వాళ్లలో ఒకడు ఆడాడు.

సార్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. "పందెం కాసుడు తప్పే. నెల రోజులు కూసోబెడితే నేను మాట్లాడకపోదును. గిది పందానికి ఏసిన శిక్ష గాదు, చెయ్యెత్తినందుకు ఏసింది. గది నేర్పింది నేను. పొద్దుగాల బండికి హైకోర్టుకు పోదాం."

"మరి మీ నౌకరీ, సార్?"

"నా నౌకరి సంగతి నీకెందుకు రా? నువ్వైతే ఆధార్ కార్డు మరువకు."

అధికారి ఇచ్చిన మాటను సార్ ప్రమాణపత్రంలో ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. మండలి వకీలు వాయిదా మీద వాయిదా అడిగాడు. చివరికి తీర్పు మాకే వచ్చింది. నా వాదన వినకుండా శిక్షించడం చెల్లదని, సొంత ఆటను అమ్ముకున్నవాడినీ వేరే ఆట మీద ఒకసారి పందెం కాసినవాడినీ ఒకే గాటన కట్టడం అన్యాయమని, నాకు ఆడే అర్హత ఉందని. అప్పటికి పోటీలు ముగిసి తొమ్మిది రోజులైంది. ఆ వేసవితో నా చదువూ అయిపోయింది. ఆ తొమ్మిది రోజుల గురించి తీర్పులో ఒక్క వాక్యం లేదు.

సార్ కాంట్రాక్టును పొడిగించలేదు. కారణం చెప్పలేదు. ఆయన భూపాలపల్లిలో ఒక ప్రైవేటు బడిలో తక్కువ జీతానికి చేరి, చివరిదాకా అక్కడే పనిచేశాడు.

పోయిన వారం కాలేజీలో సంతాప సభ పెట్టారు. దండ వేసిన ఫోటో పక్కన నిలబడి అదే అధికారి "నిజాయితీకి మారుపేరు మా సోమయ్య" అన్నాడు. మూడో వరసలో కూర్చున్న నేను చెయ్యెత్తాను. నన్ను చూశాడు, చూసి మైకు వేరేవాళ్లకిచ్చాడు. నేను చెయ్యి దించలేదు. నా వెనక కుర్చీలో, ఆనాడు నా స్థానంలో ఆడినవాడు ఉన్నాడు.

"దించు రా బై, అందరు చూస్తున్నరు."

"ఇప్పుడన్న నువ్వు గూడ ఎత్తు" అన్నాను. వాడు ఫోను తీసి చూసుకున్నాడు. సభ ముగిసేదాకా నా చెయ్యి అట్లాగే ఉంది.

ఈ ఉదయం ఆట మధ్యలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె "సార్, నాకు తాకింది" అని చెయ్యెత్తింది. ఎవరూ చూడలేదు, నేను కూడా. దించమ్మా అనాలనిపించింది. అనలేదు. ఆమె గీత దాటి వచ్చి కూర్చునేదాకా, అక్కడే నిలబడి చూశాను.