నాలుగో భుజం

జడ్చర్ల మందుల కంపెనీలో పనిచేసే ఎల్లేష్ మారథాన్ వీరుడు. పెళ్లి విందుకు కూడా మెడలో పతకం వేసుకుని పోతాడు. మటన్ వడ్డించబోతే చేయి అడ్డంపెట్టి, పక్కవాళ్ల పొట్టల మీద ఉపన్యాసం ఇస్తాడు. రోజూ తెల్లవారుజామున హైవే మీద అతను పరుగెత్తుతుంటే, నీళ్లసీసా పట్టుకుని సైకిల్ మీద వెనకాలే వచ్చేది చిన్నాయిన జానయ్య.

ఆ జానయ్య మొన్న చనిపోయాడు. పాడె ఎత్తబోతే ఒక మనిషి తక్కువైంది. “ఎల్లేష్, జర భుజం పెట్టు,” అన్నాడు పక్కింటి మక్సూద్.

“ఆదివారం రేసుంది భయ్యా. ఇయ్యాల కాళ్లకు రెస్టు.”

మక్సూద్ తనే భుజం పెట్టాడు. శ్మశానం ఆ వీధి చివరే. ఊళ్లకు ఊళ్లు పరుగెత్తే మొనగాడు పాడె వెనక మోటారుసైకిల్ మీద వచ్చాడు. ఎండకు నోరెండిపోయిందేమో, బండి దిగుతూనే అలవాటుగా నీళ్లసీసా కోసం వెనక్కి చేయి చాపాడు.