వాళ్ళ కోసం చేసుకున్న పెళ్ళి

నా పెళ్ళి ఏ తేదీన అయిందని ఈ రెండేళ్ళలో నన్ను అడగనివాడు పాపాత్ముడు. విశాఖపట్నంలో వీసా కన్సల్టెంటు అడిగాడు, రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా అడిగాడు, నోటరీ అడిగాడు, చివరికి చెన్నైలో వీసా ఆఫీసు అద్దం వెనక కూర్చున్న ఒక దొరసాని అడిగింది. ఆవిడది ఏ దేశమో రాయను. ఆ పేరు తలుచుకుంటేనే నోరు చేదవుతుంది. మా ఊళ్ళో మాత్రం ఒక్కరూ అడగలేదు. వాళ్ళకి అవసరం లేదు, వాళ్ళే చేశారు కనక.

అరకు నుంచి ఆటో ఎంతవరకు వస్తుందో అంతవరకు వచ్చి, అక్కణ్ణుంచి ఇంకో అరగంట ఎక్కితే మా ఊరు. నేను బి.ఎ. చదివి, ఉద్యోగం దొరక్క, మా నాన్న వేసిన కాఫీ తోటలోకే తిరిగి వచ్చినవాణ్ణి. నా భార్యది ఎదురు కొండ. ఆవిడ నర్సింగు చదివే రోజుల్లో, కొత్త చిక్కుళ్ళు మొదటిసారి వండుకునే చిక్కుడు కొత్త పండగ అయిన నాలుగో సంత రోజున, బట్టల సంచి భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చేసింది. మాలో అదే మొదలు. గుంటా గుంటడూ ఇష్టపడితే గుంట వచ్చేస్తుంది. తర్వాత వాళ్ళవాళ్ళు కోపంగా వస్తారు. సగం నిజం కోపం, సగం నటన. జీలుగు కల్లు దిగాక మాటలు కలుస్తాయి. పిల్ల తండ్రికి ఓలి మేమే ఇస్తాం. అప్పుడు మా ఊరి పెద్దాయన లేచి నిలబడి, "ఇయ్యాల్టినుంచి ఈ గుంట ఈ ఇంటి మనిషి" అంటాడు. అక్కడితో పెళ్ళి అయిపోయినట్టే.

విందు వీలున్నప్పుడు. మా విందు ఆ ఏడు కాఫీ అమ్ముడయ్యాక జరిగింది. అప్పటికి పాప కడుపులో ఉంది. ఆ కడుపుతోనే ఆవిడ థింసా ఆడుతుంటే నేను వద్దన్నాను. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు నానూ ఆడినాను, నీకేటైనా అయిందేటి?" అని మా అమ్మ నా మీద ఎగిరిపడింది. తాళి లేదు, శుభలేఖ లేదు, ఒక్క ఫొటో లేదు. ఎవరికీ ఏదీ తక్కువైందనిపించలేదు.

ఆవిడ చదువు పూర్తిచేసి విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. వారానికోసారి రైల్లో కొండెక్కి వచ్చేది. ఆ దొరసాని దేశంలో నర్సులు కావాలంటున్నారని ఎవరో చెబితే అక్కడి భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది. డ్యూటీ దిగి క్లాసు, క్లాసు నుంచి మళ్ళీ డ్యూటీ. మూడో ప్రయత్నంలో పరీక్ష పాసైంది. ఉద్యోగం కాగితం వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేనూ ఆ భాష నాలుగు ముక్కలు పట్టుకున్నాను, కాఫీ పళ్ళు కోస్తూ చెవిలో పాఠాలు పెట్టుకుని. చెట్ల మధ్య ఒక్కణ్ణీ ఆ మాటలు గట్టిగా పలుకుతుంటే పక్క తోటవాళ్ళు నాకు గాలి సోకిందనుకున్నారు. వెళితే ముగ్గురం వెళ్ళాలి. అదొక్కటే మా పట్టు. కొన్నేళ్ళు పనిచేస్తే అక్కడే ఉండిపోవడానికి కార్డు ఇస్తారు, మనవాళ్ళు ఏ దేశం కార్డునైనా గ్రీన్ కార్డే అంటారు. ఆ తర్వాత పౌరసత్వం. కన్సల్టెంటు ఇవన్నీ మెట్లెక్కినట్టు వేళ్ళ మీద చెప్పేవాడు.

మొదటి మెట్టు దగ్గరే కాలు జారింది. "మ్యారేజ్ సర్టిఫికెట్ ఇవ్వండి" అన్నాడు.

లేదన్నాను.

"పోనీ ఫొటోలు?"

లేవన్నాను. మా పద్ధతి చెప్పాను. అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "మన్యం ఏజెన్సీవాళ్ళతో ఇదే తమ్ముడూ! బిడ్డ ఉంటుంది, పెళ్ళి ఉండదు."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. నాకు ఆలూ ఉంది, బిడ్డా ఉంది, పెళ్ళి మాత్రం లేదట! కొట్టాలనిపించింది. నా భార్య బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది కాబట్టి ఊరుకున్నాను. పాత తేదీతో శుభలేఖ కొట్టించేస్తానని అతనే ఒక ఉపాయం చెప్పాడు. దొంగ కాగితం వద్దే వద్దంది ఆవిడ. అయితే ఇప్పుడే, ఇవాళ్టి తేదీతోనే పెళ్ళి చేసుకుని రిజిస్టరు చేయించుకోండి, అది చట్టప్రకారం నిఖార్సైన కాగితం అన్నాడు. సరేనన్నాం. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే. ఒక్కరికీ బుర్ర పనిచెయ్యలేదు.

కొండ దిగి సాలూరులో ఒక కల్యాణ మండపంలో చేసుకున్నాం. మా పెద్దాయన్ని పిలవలేదు. ఏమని పిలవను? "నువ్వు చేసిన పెళ్ళి చెల్లలేదంట, మళ్ళీ చేసుకుంటున్నాం, రా" అననా? మా అమ్మ ఒక్కతే వచ్చి, మెడలో తాళి వేసుకున్న కోడల్ని చూసి పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. బాసికాలు, తలంబ్రాలు, అద్దె పట్టుపంచె, అన్నీ అయ్యాయి. ఫొటోగ్రాఫరు మా పాపని పక్కకి పొమ్మన్నాడు. పెళ్ళి ఫొటోలో పిల్ల ఉండకూడదని కన్సల్టెంటు ముందే చెప్పి ఉంచాడు. ఏడేళ్ళ పిల్ల, కొత్త గౌను వేసుకుని పొద్దున్నుంచి మురిసిపోతున్న పిల్ల.

"నానెందుకు ఉండకూడదు? నానేటి సేసినాను?" అని ఏడుపు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లాక్కొచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఇప్పుడు తియ్యి" అన్నాను. ఆల్బమ్ మొత్తంలో మేము నిజంగా నవ్విన ఫొటో అదే. దాన్ని కూడా ఫైల్లో పెట్టాను.

ముందు ఉద్యోగం ఉన్న మనిషే వెళ్ళాలన్నారు కనక, రెండు నెలలకి ఆవిడ వెళ్ళింది. అక్కడ కుదురుకుని, నాకూ పాపకీ కుటుంబ వీసాకి కాగితాలు పంపింది. పాప రోజూ సాయంత్రం సిగ్నల్ దొరికే బండరాయి మీద కూర్చుని వాళ్ళమ్మతో మాట్లాడేది. మాట తెగిపోతే రాయి చివరికంటా జరిగేది. పడిపోతావని నేను వెనక నుంచి గౌను పట్టుకుని నిలబడేవాణ్ణి. చెన్నై నుంచి పిలుపు వచ్చేదాకా ఇదే పని.

ఇంటర్వ్యూలో ఆ దొరసాని వాళ్ళ భాషలో అడుగుతుంటే, పక్కన ఒక తెలుగాయన తెలుగులో చెప్పాడు. పెళ్ళయి ఎన్నాళ్ళయింది? తొమ్మిదేళ్ళు అన్నాను. ఆవిడ సర్టిఫికెట్ తిప్పి చూసింది. దాని ప్రకారం పదకొండు నెలలు. ఆల్బమ్ తెరిచి, మేము తలంబ్రాలు పోసుకుంటున్న ఫొటో మీద వేలు పెట్టింది.

"ఇది మీ పెళ్ళేనా?"

కన్సల్టెంటు బట్టీ పట్టించిన జవాబు నాలిక మీదే ఉంది. అవును మేడమ్, ఇరువైపుల పెద్దల సమక్షంలో. కానీ ఆ ఫొటోలో ఏ పెద్ద ఉన్నాడు? వంటవాళ్ళూ, మండపం వాచ్‌మనూ ఉన్నారు. పెళ్ళంటే మాలో నలుగురి ముందు పెద్దాయన అన్న మాట. దాని మీద అబద్ధమాడితే ఆ అన్న మనిషి తల తీసేసినట్టే. ఇదే పెళ్ళని నేనంటే, నా బిడ్డ పెళ్ళి కాకముందు పుట్టిన బిడ్డవుతుంది. ఆ మాట నా నోటితో నేనెలా అంటాను?

"కాదండి. మా పెళ్ళి ఎప్పుడో మా ఊళ్ళో అయింది. ఇది మీ కోసం చేసుకున్నది" అన్నాను.

తెలుగాయన నా వైపు జాలిగా చూశాడు. "ఆలోచించుకుని చెప్పండి" అన్నాడు మెల్లిగా. ఆలోచించుకోవడానికేముంది? మళ్ళీ అదే చెప్పాను. మా పద్ధతి, ఓలి, విందు అంతా చెప్పాను. నేను పావుగంట చెప్పినదాన్ని ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఆవిడ మాత్రం చాలాసేపు రాసుకుంది.

నెలకి జవాబు వచ్చింది. భార్యకి విదేశంలో ఉద్యోగం ఖాయమయ్యాక వివాహం జరిగిందట. అది వీసా కోసమే జరిగిందని దరఖాస్తుదారుడే అంగీకరించాడట. నేనే అంగీకరించానట! నా వీసా తిరస్కరించారు. పాప జనన ధ్రువపత్రంలో ఆసుపత్రివాళ్ళు తల్లి పేరు రాశారు కాబట్టి, తండ్రి సమ్మతి పత్రం ఇస్తే పాప ఒక్కదాన్నీ పంపవచ్చట.

ఫోన్లో నా భార్య అరిచిన అరుపు ఇంకా చెవిలో ఉంది. "ఏటి బావా, ఏటి సేసినావు? ఒక్క అవును అంటే నీ నోరు పడిపోద్దా?"

"నిజం సెప్పినాను."

"నీ నిజాన్ని ఉప్పు పాతరెయ్యి! ఆ నిజం నీకూ నాకూ తెల్దేటి? ఆవిడకెందుకు?"

మూడు రోజులు ఆవిడ ఫోన్ చెయ్యలేదు. నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు, నా మీదే. నాకు నిజం మీద ప్రేమ ఎంతో, నా పొగరు ఎంతో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

పెద్దాయన దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన చుట్ట నేలకి రాసి ఆర్పి, "నానున్నాను గదరా, తీసుకెళ్ళు. ఆ గుంట నీ పెళ్ళామని నాను సెప్తాను" అన్నాడు. తీసుకెళ్ళినా ఆయన్ని లోపలికి ఎవరు రానిస్తారు? ఊళ్ళో పన్నెండు మంది వేలిముద్రలతో ఒక ఉత్తరం రాసి, సర్పంచి ముద్ర వేయించి చెన్నైకి పంపాం. అధీకృత సంస్థ జారీ చేసినది కాదని తిప్పి పంపారు. ఆ సంగతి పెద్దాయనకి చెప్పలేదు. ఇంకా చూస్తున్నారని చెప్పాను. సంతలో కనబడ్డప్పుడల్లా, "ఏటన్నారు?" అని అడుగుతూనే ఉన్నాడు.

నా భార్య రెండు వారాల సెలవు మీద వచ్చింది. మా అమ్మ నన్ను తోటలోకి పిలిచి చెప్పింది: "సంతకం ఎట్టకు. గుంట నీ కాడుంటే ఆవిడే తిరిగొచ్చీత్తాది." ఎందుకు దాచాలి, నాకూ ఆ బుద్ధి పుట్టింది. ఒక రోజంతా మిరియాల తీగలు కడుతూ అదే ఆలోచించాను. పెట్టకపోతే సరి. ఇద్దరూ నాకు దక్కుతారు.

నా భార్యకి ఎలా తెలిసిందో, వరండాలో పాపకి జడ వేస్తూ తనే అంది: "నువ్వు సంతకం ఎట్టకపోతే నానేటీ అనను బావా. పని మానీసి వచ్చీత్తాను." తల ఎత్తలేదు. వేళ్ళు మాత్రం జడ పాయలు తప్పాయి. పాప "నొప్పి" అని అరిచింది. తిట్టి ఉంటే పంతానికి పోయేవాణ్ణి. ఆవిడ అలా అన్నాక ఇక నాకు దారి లేకపోయింది.

విశాఖలో వీసా కేంద్రంలోకి పాపనీ నన్నూ మాత్రమే రానిచ్చారు. ఆవిడ కింద ఆగింది. సమ్మతి పత్రం వాళ్ళే అచ్చువేసి ఇచ్చారు. పాప తల్లికి భర్తనూ, పాపకి తండ్రినీ అయిన నేను, అని మొదలవుతుంది. కౌంటరులో కుర్రది కాగితాలు సర్ది, "వివాహ ధ్రువపత్రం జత చెయ్యండి సార్" అంది.

"ఏ ధ్రువపత్రం?"

"మీ మ్యారేజ్ సర్టిఫికెట్ సార్. మీరు ఆవిడ భర్త అని రుజువు కావాలి కదా."

సంచిలోంచి తీశాను. సాలూరు పెళ్ళి సర్టిఫికెట్. "ఇది వీసా కోసం చేసుకున్న పెళ్ళని వాళ్ళే కదమ్మా రాశారు? ఇది చెల్లదని కదా నన్ను ఆపేశారు?"

ఆ అమ్మాయి తెరలో చూసింది. ఆమె తప్పేం లేదు. "అది మీ వీసా ఫైలు సార్. ఇది పాప ఫైలు. దీనికి ఇది సరిపోతుంది" అంది.

నన్ను పంపించడానికి చెల్లని పెళ్ళి, నా బిడ్డని పంపెయ్యడానికి చెల్లింది. అరవాలనిపించింది. పాప నా చొక్కా అంచు పట్టుకుని నిలబడి ఉంది. దానికి మేము ఎక్కడికి వచ్చామో తెలుసు, ఎందుకో సగమే తెలుసు.

"నాన్నా, నువ్వూ వస్తావు గదా? చిక్కుడు కొత్తకి వచ్చీత్తావు గదా?"

"అవును" అన్నాను. చెన్నైలో నోరు పెగలని ఆ ఒక్క మాట, అక్కడ నా కూతురి ముందు తడుముకోకుండా వచ్చేసింది.

"అయితే బేగి సంతకం ఎట్టీ, అమ్మ కింద నిలబడింది" అని పెన్ను అదే తీసి నా చేతికిచ్చింది.