ఇద్దరు రాసమ్మలు, ఒక ఓటు

మలేషియాలోని బటాంగ్ బెర్జుంటైలో దేవుడమ్మది ఏ పార్టీయో తెలియనివాళ్ళు లేరు. గొడుగు పార్టీ. పామాయిల్ తోటలో గెలలు మోసిన రోజుల్లో పట్టుకున్న జెండా, అరవై రెండేళ్ళు వచ్చినా దించలేదు. ఎదుటి పడవ పార్టీ వాళ్ళింట్లో పెళ్ళయితే వెళ్ళి శుభ్రంగా భోంచేస్తుంది గానీ, పెళ్ళికొడుకు తండ్రితో నాలుగు మాటలు వాదించకుండా తిరిగి రాదు. అంత మొండిఘటం.

రాష్ట్ర శాసనసభ ఎన్నికలొస్తే చాలు, బడిలో నాలుగో గదిలో గొడుగు పార్టీ ఏజెంటుగా ఆవిడ కూర్చోవలసిందే. వచ్చిన ఓటరు పేరూ నంబరూ గుమస్తా మలయ్‌లో పైకి చదువుతాడు, ఏజెంట్లు తమ జాబితాల్లో ఆ పేరు కొట్టేస్తారు. ఇంతే పని. కానీ మనవాళ్ళ పేర్లతో ఉన్న చిక్కు ఆ గుమస్తాకేం తెలుసు? నాయనమ్మ పేరు మనవరాళ్ళందరికీ, తాత పేరు మనవళ్ళందరికీ పెట్టుకుంటూ పోతే జాబితా నిండా వాళ్ళే. అందుకే దేవుడమ్మ వారం ముందే కూర్చుని ప్రతి పేరు పక్కనా తెలుగులో ఒక గుర్తు రాసుకుంటుంది. ‘అప్పలసామి కూతురు రాసమ్మ’ అన్న పేరుతో ఇద్దరున్నారా, ఒకరు ‘నూతికాడ రాసమ్మ’, ఇంకొకరు ‘మేకల రాసమ్మ’. ఆ అక్షరాలు తెలుగు సంఘం వాళ్ళ ఆదివారం తరగతుల్లో యాభయ్యో ఏట నేర్చుకున్నవి.

తమ్ముడు తంగరాజు గొడుగు పార్టీ అక్కడి శాఖకు అధ్యక్షుడు. అప్పా అని పిలిచే అక్క రాసుకున్న ఆ కాగితాలు చూసి నవ్వేవాడు. "ఏటప్పా ఇది, ఓటర్ల లిస్టా, పెళ్ళి పిలుపులా?"

నవ్వేవాడు గానీ ఈసారి ఆయన ప్రాణమంతా ఆ జాబితాల మీదే ఉంది. కిందటి ఎన్నికల్లో గొడుగు ఓడింది పదకొండంటే పదకొండు ఓట్లతో. ఈసారి ఒక్కో ఓటు కోసం ఆయన చెప్పులరిగేలా తిరిగాడు.

మేకల రాసమ్మ గురించి చెప్పాలి. ఆ తోటలోనే పుట్టింది, కానీ పుట్టినట్టు కాగితం లేదు. అందుకని ఓటు హక్కు లేని ఎర్ర కార్డుతోనే బతుకంతా గడిపింది. డెబ్భై ఒకటో ఏట పౌరులకిచ్చే నీలం కార్డు వచ్చింది. దానికోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది పడవ పార్టీ వాళ్ళు. మొదటి ఓటు ఎవరికి వేస్తుందో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు.

ఆ మహాతల్లికి ఓటంటే పెళ్ళితో సమానం. ముందురోజే గోరింటాకు రుబ్బి, పది వేళ్ళకీ టోపీలు పెట్టుకుంది. నలుపు తిరిగేలా పండింది. పట్టుచీర కట్టుకుని, పదిగంటలకు నాలుగో గదిలోకి నవ్వుతూ వచ్చింది.

గుమస్తా జాబితా చూశాడు. "సుదా," అన్నాడు. అయిపోయింది, నీ ఓటు పడిపోయింది, అని.

రాసమ్మకు అర్థం కాలేదు. "నాను ఎయ్యనేదు బాబూ. ఇప్పుడే గదా వచ్చినాను."

గుమస్తా ఆవిడ చెయ్యి పట్టి చూశాడు. ఓటేసినవాళ్ళకు వేలికి సిరా పూస్తారు కదా, ఈవిడ వేలు చివర నల్లగా ఉండనే ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. పడవ పార్టీ ఏజెంటు కోగిలవాణి పట్నంలోని బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి పంపిన పిల్ల, ఇక్కడ ఎవరూ తెలియదు. గుమస్తా చదివిన నంబరే తనూ కొట్టేసింది. పాపం, తన పార్టీ ఓటు పోతుంటే తన కాగితమే అడ్డం.

దేవుడమ్మ కాగితం మాత్రం వేరేగా ఉంది. పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి ఓటేసింది నూతికాడ రాసమ్మ. దేవుడమ్మ నంబరు వినలేదు, మనిషిని చూసి కొట్టేసింది. గుమస్తా పొరపాటున ఒక వరస కిందున్న మేకల రాసమ్మ పేరు చదివి కొట్టాడు.

నోరు మెదపకుండా కూర్చుంటే సరి. అడిగేవాడు లేడు. పదకొండు ఓట్లతో ఓడిన పార్టీకి ఎదుటివాడి ఓటు ఒకటి తగ్గడమంటే మాటలా? కిటికీ బయట తంగరాజు నిలబడి చూస్తూనే ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు కూడా.

రాసమ్మ అప్పటికి గుమ్మం దాకా వెళ్ళింది. పట్టుచెంగుతో మొహం తుడుచుకుంటోంది.

దేవుడమ్మ లేచింది. "వదినా, ఆగు," అంది. పోలింగ్ అధికారి వైపు తిరిగి మలయ్‌లో చెప్పింది: "తప్పు మీది. పొద్దున్న వచ్చిన రాసమ్మ వేరు. అదిగో, బయట టీ కొట్టు దగ్గరే ఉంది, పిలిపించండి. ఆవిడ వేలికి సిరా ఉంటుంది, మీ జాబితాలో ఆవిడ పేరు మాత్రం కొట్టి ఉండదు. ఈవిడది గోరింటాకు."

పిలిపించారు. కార్డు నంబర్లు పోల్చారు. అంతా దేవుడమ్మ చెప్పినట్టే ఉంది. అధికారి తప్పు దిద్ది, మేకల రాసమ్మకు ఓటు కాగితం ఇచ్చాడు. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని వెళ్ళింది. ఎంత పెద్ద మనసమ్మా దేవుడమ్మది.

గొడుగు ఓడింది. కథ రక్తి కట్టడానికి ఒక్క ఓటుతో అనొచ్చు, అబద్ధమెందుకు, ఏడు ఓట్లతో ఓడింది. మర్నాడు పొద్దున్న తంగరాజు అక్క ఇంటికి వచ్చి, టీ ముట్టుకోకుండా కూర్చున్నాడు.

"ఏడు కాబట్టి సరిపోయింది. ఒక్క ఓటుతో పోయుంటే ఏటి సేద్దువప్పా?"

"అప్పుడూ లేచి చెప్దును. ఆ ఒక్కటీ ఆవిడదిరా. డెబ్భై ఒక్క ఏళ్ళు ఆగింది దానికోసరం."

తంగరాజు టీ గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు. "వచ్చేసారి ఆ ముసల్దాని సేత మనకే ఏయించాల."

"అడుగు మరి. కాళ్ళు పట్టుకుని అడుగు," అంది దేవుడమ్మ. "ఆవిడ ఓటు ఆపడం మాత్రం నానుండగా కుదర్దు."