ఉప్పు బంగళాలో మూల గది

మా మేనత్త పోయిందని మొన్న తెల్లవారుతూనే ఊరి పెద్ద ఫోను చేశాడు. నిద్రలోనే పోయిందట. నేనింకా మంచం దిగకముందే రెండో మాట కూడా అనేశాడు. "అత్త పోయె. ఇంక ఆ మూల గది సంగతి మనం ఒక మాట అనుకోవాల అబ్బయా." శవం వాకిట్లో ఉండగానే అనుకోవాల్సినంత తొందర ఏమిటని అడిగాను. "వానలొస్తా ఉండాయి గదా" అన్నాడు.

ఆ గది కథ చెప్పకుండా మా అత్త గురించి మీకు చెప్పలేను.

వాకాడు దాటి, రోడ్డు అయిపోయాక పడవెక్కి సరస్సు దాటితే, ఇసుకదిబ్బ మీద ఒక బంగళా ఉంటుంది. తెల్లవాళ్ళ కాలంలో ఉప్పు అధికారి కాపురం ఉన్న ఇల్లు. బీడులో తనంతట తాను పేరిన ఉప్పును, చేపలకు పట్టించడానికి దోసెడు గీకినా ఆ రోజుల్లో నేరమే. పట్టుబడిన వాళ్ళను కొట్టి, బంగళా మూల గదిలో వేసేవారు. మా అత్త వాళ్ళ అవ్వనూ అలాగే వేశారు. ఆ గదిలో ఒక గోడకు, కూర్చున్న మనిషి తల, వీపు ఆనే ఎత్తున, నల్లగా నునుపు తేలిన మచ్చ ఉంది. ఎందరి తలనూనో, ఎందరి చెమటో. నేను దాన్ని చరిత్ర అనేవాణ్ణి. ఆమె "మా అవ్వ ఆనుకున్న గోడ" అనేది, అంతే.

బంగళా కూలిపోతోందని ఆమె చందాలకు బయలుదేరినప్పుడు నేను అడ్డం తిరిగాను. మనల్ని కొట్టిన ఇంటికి మనమే సున్నం కొట్టాలా, పడిపోనీ అని వాదించాను. పత్రికల్లో ఇలాంటివి రాసే బతుకుతున్నాను; వాదాలకు నా దగ్గర కొదవ లేదు. ఆమె చేపలు తోముతూ అంతా విన్నది. "పడిపోతే, అసలు కొట్టనే లేదంటార్రా రేపు" అంది. తల కూడా ఎత్తలేదు. ఆ బంగళా మీద నాకు ఇప్పటికీ ప్రేమ లేదు. ఆ గోడ సంగతి వేరు.

రశీదు పుస్తకం అచ్చు వేయిస్తానంటే వద్దంది. చందా ఇచ్చినవాడి చేతిలో ఎండుచేపల పొట్లం పెట్టేది. గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో ఒక వ్యాపారి ముక్కు మూసుకుని, "ఏందమ్మా ఈ కంపు?" అన్నాడు. "నీ కాడ నిమ్మకాయలుండాయి గదా నాయనా, పిండుకో. చందా మాత్రం ఇయ్యి" అంది. ఇచ్చాడు. పొట్లమూ ఉంచుకున్నాడు.

మా సరస్సులో ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలన్నది వంతుల ప్రకారం నడుస్తుంది. అందులో ఒక వంతు బంగళాకు వదలమని ఊరి కూటంలో అడిగింది. వదిలారు, చేప రాని చోట. పడ్డవన్నీ పీతలే. "బంగళాకి పీతలే రాసిపెట్టుండాయి మేయ్" అని ఊరు ఊరంతా నవ్వింది. ఆమె ఆ పీతలనే తట్టకెత్తుకుని పోయి అమ్మింది. వచ్చిన డబ్బుతో ముందు మూల గదికి దూలం మార్పించింది. దొర పడుకున్న గది తర్వాత చూద్దామంది.

నెల్లూరు నుంచి కార్లలో పెద్దమనుషులు వచ్చేవారు. తలుపుల మీద చెక్కడాన్ని ఫోటోలు తీసుకుని, మూల గదిలోకి తొంగిచూసి, "ఇది స్టోర్ రూమా?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆమె మాత్రం, "రాండి, కూసోండి, ఆనుకోండి" అని పిలిచేది. చొక్కాలు నలుగుతాయని కాబోలు, కూర్చున్నవాళ్ళు తక్కువ. ఆమె వెళ్ళినప్పుడల్లా కూర్చునేది. మచ్చకు తల ఆనించి, సద్దన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిదానంగా నమిలేది.

మిగతా బంగళాకు మాత్రం పీతల డబ్బు చాలలేదు. అప్పుడు దిగాడు రొయ్యల గుంటల ఆసామి. "పెద్దమ్మా, ఖర్చంతా నేనే పెట్టుకుంటా. గెస్ట్ హౌస్ చేద్దాం. ఆ మూల గదికి సిమెంటు పూసి, టైల్సేసి బాత్రూము చేస్తే వచ్చినోళ్ళకి పనికొస్తాది" అన్నాడు.

"మా అవ్వని కూసోబెట్టిన చోట నీ చుట్టాల్ని కూసోబెడతావా?" అంది అత్త.

అతను నవ్వేశాడు. ఊరి పెద్ద నవ్వలేదు. "మిద్దె కూలితే నీ గది ఒక్కటే నిలబడతాదా, చెప్పు" అన్నాడు. ఆయన్ను తిట్టడం నాకు చాలా తేలిక. కానీ ఆ మాట అబద్ధం కాదు, నా మంటంతా అక్కడే. డబ్బున్నవాడు ఎప్పుడూ పైకప్పు పట్టుకునే వస్తాడు; దాని కింద ఏది ఉండాలో, ఏది ఉండకూడదో కూడా తానే చెబుతాడు. తడుస్తున్నవాడు తల ఊపుతాడు. అత్త మాత్రం, "వానకి పడితే వాన చేసిన పని. మనం పూస్తే మనం చేసిన పని" అని లేచిపోయింది.

చిన్నదినం నాడు, ఆమెకు ఇష్టమైన చోటని అందరం పడవల్లో బంగళాకు వెళ్ళాం. మూల గది గడప ముందు తాపీ మేస్త్రి అప్పటికే సిమెంటు కలిపి పెట్టుకుని ఉన్నాడు. ఎవరు పంపారని అడిగాను. ఊరి పెద్ద సరస్సు వైపు చూశాడు. నేను గొంతు పెంచాను. ఎప్పటిలాగే నా మాటలన్నీ గాలికి పోతున్నాయి.

ఆడవాళ్ళు మా ఇద్దరినీ దాటుకుని లోపలికి వెళ్ళి, ఆ గోడకు ఆనుకుని వరసగా కూర్చున్నారు. అత్త సద్ది తిన్నట్టే, తెచ్చిన గిన్నెలు ఒళ్ళో పెట్టుకున్నారు.

"లేయండి మేయ్, సిమెంటు బిగిసిపోతాది" అన్నాడు మేస్త్రి.

"అన్నం తింటా ఉండాం గదన్నా" అంది ఒకామె.

మేస్త్రి తాపీ పక్కన పెట్టి గడప మీద కూర్చున్నాడు. సముద్రం మీద మబ్బు నల్లబడుతోంది. గోడ మీది మచ్చ కనిపించలేదు. దాన్ని ఆనుకున్న తలలు మాత్రం, నిదానంగా నములుతూ, కొద్దికొద్దిగా కదులుతున్నాయి. బయట బాండ్లీలో సిమెంటు అంచుల నుంచి తెల్లబడుతూ వస్తోంది.