అర మిల్లీ అడ్రినలిన్

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది నన్ను గురజాల వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా వేశారు. అదే నా చివరి పోస్టింగ్.

మా తరం నర్సులకు అడ్రినలిన్ అంటే చివరి సూది. గుండె ఆగినప్పుడు ఇచ్చేవాళ్లం, ఎక్కువమంది లేచేవాళ్లు కాదు. వార్డులో "అడ్రినలిన్ కూడా ఇచ్చాం" అన్నామంటే ఇక బంధువులకు కబురు పంపమని అర్థం. అందుకే ఆ చిన్న గాజు ఆంపూల్‌ను ట్రేలో అన్నిటికంటే వెనక పెట్టేదాన్ని.

ఒక ఉదయం మిర్చి కోతలో కోటేశ్వరమ్మను రక్తపింజరి కరిచింది. భర్త శ్రీను బండి మీద తెచ్చాడు. ఆమె రక్తాన్ని గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు ఉంచినా గడ్డకట్టలేదు, అంటే విషం ఒంట్లోకి ఎక్కినట్టే. వెంటనే విరుగుడు మందు పది సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కించసాగాం. అది గుర్రం రక్తం నుంచి తీసే మందు, కొందరి ఒంటికి పడదు. కాసేపటికే ఆమెకు దద్దుర్లు లేచాయి, పెదవులు ఉబ్బాయి, ఊపిరిలో పిల్లికూతలు మొదలయ్యాయి. మణికట్టు దగ్గర నాడి అందలేదు.

"ఏందమ్మా ఇది? పాము చంపలా, మీ మందే చంపేట్టుంది," అన్నాడు శ్రీను. అతను అన్నదాంట్లో తప్పులేదు.

సెలైన్ ఆపాను. అలవాటుగా నా చెయ్యి మామూలు అలర్జీ సూది మీదికి పోయింది. సర్వీసులో చేరి రెండేళ్లయినా కాని మెడికల్ ఆఫీసరమ్మ నన్ను ఆపింది.

"అది తర్వాత సిస్టర్. ముందు అడ్రినలిన్. అర మిల్లీ, తొడ కండకి."

మనిషి ఇంకా బతికే ఉంది కదా డాక్టర్ అనబోయి మింగేశాను. ఆంపూల్ విరిచి, అర మిల్లీ లాగి తొడకు సూది వేశాను.

ఐదు నిమిషాలు కాలేదు. పిల్లికూతలు తగ్గాయి. నాడి మళ్లీ నా వేళ్ల కిందికి వచ్చింది. కోటేశ్వరమ్మ కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. నా సర్వీసు మొత్తంలో దండం పెట్టాలనిపించిన మందు అదొక్కటే. ఆమె కుదుటపడ్డాక విరుగుడు మందు మళ్లీ మెల్లగా ఎక్కించాం.

అదేం మందని శ్రీను అడిగాడు. భయపడ్డప్పుడు గుండె దడదడలాడేది ఒంట్లో ఇది ఊరడం వల్లనేనని చెప్పాను.

"అయితే పొద్దున పామును చూసి నాకు పుట్టింది ఇదేనా?"

అదేనన్నాను. అతను ఖాళీ ఆంపూల్‌ను తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

ఇప్పుడు మా మనవడు బైకు జోరుకూ, క్రికెట్ చివరి ఓవరుకూ ఇదే పేరు వాడుతుంటాడు. వాడిదీ తప్పు కాదు, లోపల ఊరేది అదే.

ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా, విరుగుడు సీసా తెరవకముందే అడ్రినలిన్‌ను సిరంజిలోకి తీసి, పేరు రాసి, మంచం తల దగ్గర పెట్టేదాన్ని. మందు పడక మనిషి కూలిపోతుంటే మొదట ఇవ్వాల్సిన సూది అది. అంతకుముందు నేను ఆలస్యంగా ఇచ్చినవాళ్లు ఎందరో నాకు తెలియదు.