ఆఖరి భరిణె

ఖాదర్ వలికి స్థిమితం లేదు. అనకాపల్లి స్టేషన్ ఎదుట కొట్టులో ఒకదానిలో ఒకటి ఇమిడే ఏటికొప్పాక లక్క భరిణెలు అమ్ముతాడు. ఏ భరిణె అమ్మినా మూత తీసి, లోపలిదాని మూతా తీసి, రేగిపండంత ఆఖరిదాన్ని కూడా తెరిచి చూస్తాడు. తర్వాత వరసగా మూసుకుంటూ పైదాకా వస్తాడు. కొనేవాళ్ళు విసుక్కుంటే, కాలు ఊపుతూ "ఆగండి బాబూ, లోపలేటుందో చూసిత్తాను" అంటాడు.

మొన్న రైలు కూత వేసింది. పరుగెత్తుకొచ్చిన ప్రయాణికుడికి ఎర్ర భరిణె తెరవకుండానే ఇచ్చేశాడు. సాయంత్రం భార్య బషీరాబీ వచ్చి, ఖాళీ అయిన చోటు చూసి నిలబడిపోయింది.

"వీధిలో దొంగల భయమని నా ముక్కుపుడక ఆ ఎర్రదాన్లో దాచేను. మీరు తెరవకుండా అమ్మరు కదా అని."

ఖాదర్ వలి, ఎర్రది వెళ్ళిపోయిందని తెలిసీ, మిగిలినవన్నీ కిందకి దించి, మొదటిదాని మూత తీశాడు.