ఉతికిన అంగీ

మా గోదావరిఖనిలో ఎవరైనా రిటైరైతే మెడనిండా దండలేసి డప్పులతో ఇంటిదాకా తీసుకొస్తారు. వాడకట్టంతా భోంచేసి వెళ్తుంది. కొన్ని నెలలకు బొగ్గు గనుల కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఖాళీ చేయాల్సి వస్తుంది. ఆ రోజు డప్పులుండవు. వ్యాన్‌లోకి బీరువా ఎక్కుతుంది, కూలర్ ఎక్కుతుంది, పూలకుండీలు కూడా ఎక్కుతాయి. కుక్క ఎక్కదు. అద్దె ఇంట్లో ఒప్పుకోరనో, కూతురి ఫ్లాటు మూడో అంతస్తనో చెప్పి దాన్ని మా గేటు దగ్గర దింపి పోతారు. మా షెల్టర్‌కు వచ్చిన కుక్కల్లో చాలావరకు ఇలా రిటైరైనవాళ్ల కుక్కలే.

షెల్టర్ అనగానే పెద్దదేదో ఊహించుకోకండి. కాలనీ చివర ఎవరూ ఉండని రెండు క్వార్టర్లు. వాటి మధ్య గోడ కొట్టేసి ముందు జాలీ కట్టించుకున్నాం, అంతే. బొగ్గు వ్యాగన్లు పోతుంటే పైన రేకులు దడదడలాడేవి. ఇప్పుడవి కూల్చేశారు. షెల్టర్ వేరే చోట, మంచి టైల్స్ వేసిన షెడ్డులో ఉంది. అందరూ బాగుందంటారు. నాకు మాత్రం ఆ పాత రేకులే కావాలి.

నేను బడిలో టీచర్‌ని. సెలవులన్నీ అక్కడే గడిచేవి. పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేసి రిటైరైన కాక ఒకాయన సూదులూ మందులూ చూసుకునేవాడు. వంట, కడగడం, కుక్కల్నీ మమ్మల్నీ కలిపి తిట్టడం అక్క పని. ఆమె బాయిలో, అంటే భూమి లోపలి బొగ్గుగనిలో, పనిచేసిన కార్మికుడి భార్య, భర్త పోయాక మా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చికి కట్టిన చీరతోనే వచ్చేది. కొంగు నడుముకు చుట్టి చీపురు పట్టిందంటే ఈగ కూడా కూర్చోవడానికి జంకేది. కుక్కలకు అన్ని స్నానాలు ఎందుకని నేను, మురికి కుక్కను ఎవరు పెంచుకుంటారని ఆమె. మా ఇద్దరికీ ఉప్పూ నిప్పే. అయినా ఆమె రాని రోజు నాకు ఏదో వెలితిగా ఉండేది.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో ఒక అన్న ముసలి ఎర్రకుక్కను తెచ్చాడు. ఆయనా అప్పుడే రిటైరైన బాయి మనిషే, వరంగల్‌లో కూతురి ఇంటికి వెళ్తున్నాడు. కుక్కకో పేరుంది కానీ, మనుషుల పేర్లే రాయనప్పుడు దాని పేరెందుకు? సంచిలోంచి ఆయన తన డ్యూటీ అంగీ తీశాడు. చెమటకు అట్టకట్టి, బొగ్గుకు నల్లగా మారిన అంగీ. "ఇది ఉంటే ఆగుతది మేడం. గుంజుకోకున్రి" అని చెప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

నిజంగానే ఆగింది. అంగీని మూలకు లాక్కుని, దాని మీద ముడుచుకుని పడుకునేది. అన్నం పెడితే తినేది. తిని మళ్లీ అంగీ మీదికే పోయేది.

ఒకరోజు బడి నుంచి నేరుగా అక్కడికి వెళ్లాను. దండెం మీద అంగీ ఆరుతోంది. దాని రంగు నీలమని నాకప్పుడే తెలిసింది. కింద ఎర్రకుక్క తిరుగుతోంది. అంగీ చేతులకు మూతి ఆనించింది, వాసన చూసింది, పోయి గేటు దగ్గర రోడ్డుకేసి తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. గుడ్లు పెట్టాం, కార్జం ఉడికించి పెట్టాం, మూతి తిప్పుకుంది. కాక గ్లూకోజ్ ఎక్కించి, నన్ను పక్కకు పిలిచాడు. "వయసు మీదున్నది బిడ్డా. తినకుంటే దక్కది" అన్నాడు.

అన్నకు ఫోన్ చేశాను. కంటి ఆపరేషన్ అయి కట్టుతో ఉన్నాడు, కదలలేడు. మిగతా డ్యూటీ బట్టలన్నీ ఇల్లు ఖాళీ చేసేటప్పుడే పారేశారట. ఫోన్‌లోనే ఏడ్చాడు పాపం. పక్క వాడకట్టులో ఓపెన్‌కాస్ట్‌లో, పైనుంచి తవ్వే గనిలో, డంపర్ నడిపే అతన్ని అడిగి ఒక మాసిన అంగీ తెచ్చాం. ఎర్రకుక్క దాన్ని మూచూసి వదిలేసింది. అందులో డీజిల్ వాసన, గ్రీజు వాసన. బాయి దిగినవాడి ఒంటి వాసన, ఆ తడీ బొగ్గూ పేలుడు మందుపొగా కలిసిన వాసన లేదు. మా చుట్టుపక్కల ఇళ్లలో బాయి దిగేవాళ్లు ఇప్పుడెవరున్నారు?

ఇక నా నోరు ఊరుకుంటుందా? అక్క మీద పడ్డాను. నీ సబ్బు పిచ్చి పాడుగాను, అడగకుండా ఎందుకు ముట్టావు, ఒక ప్రాణం పోతోంది చూడు అన్నాను.  మాటకు రెండు మాటలు అప్పజెప్పే మనిషి తల వంచుకుని, తన చేతుల వంక చూసుకుంటూ అన్నది.

"పెండ్లయిన కాన్నుంచి ఉతికిన చేతులు చెల్లె. గా నల్లంగి కనవడంగనే అవే పోయినయి. ఆయన పోయినంక మల్ల డ్యూటీ బట్టలు నా చేతికి రాలె."

నా కోపం ఎటు పోయిందో! మా అమ్మ గుర్తొచ్చింది. నాన్న అంగీ విప్పీ విప్పకముందే బండ మీద వేసి బాదేది. వాడకట్టులో ప్రతి ఇంటి ముందూ నల్లనీళ్లు పారేవి. ఏ ఇంట్లో నాన్న డ్యూటీ దిగి వచ్చాడో ఆ నీళ్లు చూసి చెప్పేవాళ్లం, కాగితం పడవలు వేసేవాళ్లం. మాసిన డ్యూటీ అంగీ ఇంట్లో ఉండటం మా ఆడవాళ్లకు ఎంత నామోషీ! పుర్రెతో పుట్టిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. అక్కను తిట్టి ఏం లాభం? మా అమ్మ ఉన్నా అదే పని చేసేది.

మర్నాడు అక్క పొద్దున్నే వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడిచిన నల్లటి అంగీ.

"ఆయనది. ఆకరి డ్యూటీది" అన్నది. "ఇడిసి బండ మీద ఏసిండు. నీళ్లు పోసుకొని అన్నానికి కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. గిదొక్కటే ఉతుకలె నేను."

నాకు ఏడుపాగలేదు. వద్దక్కా, చింపేస్తుంది, నీకిక ఏం మిగులుతుందని బతిమాలాను.

"పెట్టెల వెట్టినా వాసన పోతనే ఉన్నది చెల్లె. ఉన్నప్పుడే పనికి రానియ్యి."

మొహానికి ఒకసారి గట్టిగా అదుముకుని, అంగీని గచ్చు మీద పరిచింది. ఎర్రకుక్క చాలాసేపటికి లేచింది. కాలరు నుంచి చేతుల దాకా మూచూసింది. గోళ్లతో గీరి గీరి కుప్ప చేసుకుంది. అది గీరినప్పుడల్లా అక్క వేళ్లు ముడుచుకోవడం నేను చూశాను. చివరికి చుట్టూ తిరిగి దాని మీద పడుకుంది. సాయంత్రానికి అక్క చేతిలోంచి నాలుగు ముద్దలు తిన్నది. కాక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇంటికి బయల్దేరిన అక్క గేటు దాకా పోయి తిరిగొచ్చింది. అంగీ వదిలి పోవాలంటే కాళ్లు రావడం లేదన్నది. తీసుకుపొమ్మన్నాను. పడుకున్న జీవి కిందనుంచి ఎలా లాగేదని నన్నే కసిరింది. చివరికి రెండింటినీ ఇంటికి తీసుకుపోయింది.

ఎర్రకుక్క ఆ తర్వాత రెండు ఎండాకాలాలు చూసింది. అన్న కళ్లు బాగయ్యాక వచ్చిపోయేవాడు. అంగీ పీలికలైంది, గుండీలూడాయి, అక్క మాత్రం దానికి సబ్బు చూపించలేదు. కుక్క పోయిన రోజు ఆ పీలికల్లోనే చుట్టి పెరట్లో గుంత తీయించింది. గుర్తుగా ఒక ముక్కన్నా దాచుకో అక్కా అన్నాను.

"వద్దు చెల్లె" అన్నది, మట్టి వేస్తూ. "అంగీ లేకుంటే దానికి నిద్ర వట్టది."